మంగాయి కొంగున గింజ

అనగనగా అంటే ఎప్పుడని అడక్కండి. ఏటికి గట్లు కట్టక ముందు సంగతి. మా తాత వాళ్ల తాతకి పాలపళ్లు ఊడని రోజులు. ఏటి నడుమ ఒక లంక. దాని పేరు కూడా అడక్కండి, ఈ కథ మాదంటే మాదని మూడు లంకల వాళ్లు ఇప్పటికీ రేవులో వాదులాడుకుంటారు. లంక ఎవరిదైతేనేం, కథ మాత్రం మంగాయిది. ఊ కొట్టేవాళ్లు ఊ కొట్టండి. ఏడుపొస్తే దాచుకోకండి. ఇది నవ్వుకునే కథ కాదని ముందే చెబుతున్నాను.

ఆ లంకలో మంగాయి అనే మనిషి ఉండేది. ఆమెకి ఏముందయ్యా అంటే ఒక పాక, ఒక కడవ, ఒక నోరు. పాక గాలొస్తే ఊగేది. కడవకి అంచు విరిగి చాలా కాలమైంది. నోరు మాత్రం లంక మొత్తానికీ అంత గట్టిది ఇంకోటి లేదు. మనిషి చెడ్డది కాదు. అరిచిన నోటితోనే అన్నం తిన్నావా అని అడిగేది. కాకపోతే ముందు అరిచేది, తర్వాత అడిగేది.

మొగుడు పోలయ్య రేవులో పడవ నడిపేవాడు. పది మాటలకి ఒక మాట బదులిచ్చే మనిషి. వాళ్లకి లేక లేక పుట్టిన కూతురు చిన్నాలు. పదేళ్ల పిల్ల, అచ్చం తండ్రి పోలిక. ఏదన్నా చెప్పాలంటే కాసేపు ఆలోచించుకుని చెప్పేది. తల్లి నోటి ముందు అలాంటి పిల్లకి మాట్లాడే వంతు ఎప్పుడొస్తుంది చెప్పండి?

ఇప్పుడు నీళ్ల సంగతి చెప్పాలి. వానలు పడగానే ఏరు ఎర్రబడుతుంది. ఎగువ కొండల మట్టంతా మోసుకొస్తుంది. ముంతలో వేలు పెడితే వేలు కనిపించదు. అప్పుడు లంకలో ఇంటింటా చిల్లగింజలు బయటికి తీస్తారు. చిల్లగింజంటే రేగుగింజంత ఉంటుంది, కొండ మీది నుంచి వస్తుంది. దాన్ని కడవ లోపలి గోడకి తడిచేత్తో గుండ్రంగా అరగదీసి, ఎర్రనీరు పోసి, మూతపెట్టి వదిలెయ్యాలి. గింజ పని గింజ చేస్తుంది. మనిషి చెయ్యాల్సిన పని ఆగడం. పొద్దు నడినెత్తికి ఎక్కేసరికి మట్టంతా అడుగుకి దిగి, పైన కొబ్బరినీళ్లలాంటి నీళ్లు నిలుస్తాయి. తొందరపడి ముంత ముంచారా, మళ్లీ మొదటికొస్తుంది. ఇది లంకలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. మంగాయికీ తెలుసు.

ఒక వరదకాలం తెల్లారగట్ల పోలయ్య పడవేసుకుని బయల్దేరాడు. అవతలి ఒడ్డున పురుడొచ్చిన మనిషిని దాటించాలని కబురొచ్చింది. మీరు ఏటికెళ్లకండి, నేనొచ్చి నీళ్లు తెస్తానని చెప్పి వెళ్లాడు. మంగాయి కామందుగారింట్లో వడ్లు దంచడానికి వెళ్లింది. చిన్నాలు ఒక్కతే ఇంట్లో ఉంది. నాన్న ఎంతకీ రాలేదు. అమ్మ దాహంతో వస్తుంది కదా అనుకుంది. కడవ తీసుకుని ఏటికెళ్లింది, జాగ్రత్తగా ముంచుకుంది, జాగ్రత్తగా తెచ్చుకుంది. గింజ అరగదీసింది. మూతపెట్టింది. పక్కన కూర్చుని తేరడం కోసం చూస్తోంది.

అక్కడ కామందుగారింట్లో ఏమైందంటే, చేటలో బియ్యం తగ్గినట్టుందని కామందుగారి భార్యకి అనుమానం వచ్చింది. పదిమంది ఆడవాళ్ల ముందు మంగాయిని నిలబెట్టి, కొంగు విప్పి చూపించమంది. మంగాయి విప్పింది. అందులో ఏమీ లేదు. సరేలే పో, అందావిడ. అంతే. మంగాయి అక్కడ ఒక్క మాట అనలేదు. లంకంతా వినబడే నోరు ఆ వాకిట్లో మూగబోయింది. అక్కడ అనలేని మాటలన్నీ మూటగట్టుకుని ఇంటికొచ్చింది.

వస్తూనే మూత తీసి ముంత ముంచింది. నోట్లో పోసుకుంటే మట్టి.

"గింజ రుద్దలేదేంటే? తల్లి మట్టి తాగి సావాలా?" అంది.

చిన్నాలు లేచి నిలబడింది. చెప్పడానికి నోరు తెరిచింది.

"మాటాడమాక. మల్లీ ఎల్లి తీసుకురా. ఈసారి రుద్ది ఏడువు" అంటూ మంగాయి కడవెత్తి నీళ్లన్నీ వాకిట్లో పారబోసింది.

అత్త మీద కోపం దుత్త మీద తీసిందని సామెత ఉంది. దుత్త పగిలితే కుమ్మరి ఇంకోటి చేసిస్తాడు. ఆ రోజు కోపం దుత్తతో ఆగలేదు.

పిల్ల కడవ చంకన పెట్టుకుని వెళ్లింది. పొద్దుట ఉన్న ఒడ్డు ఆ వేళకి లేదు. కిందంతా ఏరు కోసేసి పైన మట్టిపెళ్ల మిగిల్చింది. చిన్నాలు దాని మీద కాలు పెట్టింది. రేవులో బట్టలు ఉతుకుతున్న వాళ్లు చూసి కేకలేశారు, పరిగెత్తారు, కర్రలు చాపారు. కడవ దొరికింది. పిల్ల దొరకలేదు.

వాకిట్లో జనం మూగక ముందు, కబురు ఇంకా చెవిన పడక ముందు, మంగాయి కడవ పెట్టే కుదురు దగ్గర ఒకటి చూసింది. చిల్లగింజ. ఇంకా తడిగానే ఉంది. ఒక పక్క కొత్తగా అరిగి తెల్లగా ఉంది. పిల్ల రుద్దింది. నీళ్లు తేరలేదంతే. తను ఆగలేదంతే. అది తెలిసిన మరుక్షణమే వీధిలో కేకలు వినబడ్డాయి.

మంగాయి ఏం చేసింది? ఆ గింజని కొంగున ముడేసుకుంది. పొద్దున ఖాళీగా విప్పి చూపించిన కొంగే అది. ఎవరికీ చెప్పలేదు. వాకిట్లో పారబోసిన నీళ్లని వాన కడిగేసింది. పిల్ల అంతకుముందే ఒకసారి వెళ్లొచ్చిందని లంకలో ఎవరికీ తెలియదు.

మంగాయి ఏటి దగ్గరికెళ్లి, నా బిడ్డని మింగావని తిట్టింది. ఏరు పట్టించుకోలేదు. గంగమ్మ గుడి దగ్గరికెళ్లి, నీకు కళ్లు లేవా అని తిట్టింది. గంగమ్మ పట్టించుకోలేదు. అవతలి ఒడ్డు నుంచి పడవ దిగి పరిగెత్తుకొచ్చిన పోలయ్య దగ్గరికెళ్లింది. పదిమందీ వింటుండగా, "నువ్వు నీల్లు తెచ్చుంటే నా బిడ్డ ఏటికెందుకెల్తాది? నువ్వే సంపేవు" అంది. పోలయ్య పట్టించుకున్నాడు.

ఆ రోజుతో పోలయ్య గడకర్ర వదిలేశాడు. పడవ ఎవరో నడుపుకున్నారు. ఏరు చూడలేకపోయేవాడు. లంకలో ఎటు తిరిగినా ఏరే కదా, అందుకని పాకలో గోడకేసి తిరిగి కూర్చునేవాడు. తినమంటే రెండు ముద్దలు తినేవాడు. తినమనకపోతే అదీ లేదు. నాదే తప్పు అని ఎప్పుడైనా ఒకసారి గోడతో అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా మంగాయి చెయ్యి కొంగు ముడి మీదికి పోయేది. నోటిదాకా వచ్చిన మాట వెనక్కి పోయేది.

మొదటి ఏడు వరదొచ్చింది. ఏరు ఎర్రబడింది. మంగాయి గింజ రుద్దలేకపోయింది. ఎర్రనీరే తాగింది, మొగుడికీ అదే పోసింది. ఇరుగుపొరుగు తెచ్చిన తేటనీళ్లు అక్కర్లేదంది. కొంగున గింజ కొంగునే ఉంది.

రెండో ఏడు వరదొచ్చింది. పోలయ్యకి కడుపునొప్పి పట్టుకుంది. మట్టినీళ్లు వద్దని వైద్యుడు గట్టిగా చెప్పాడు. మంగాయి పక్కింటి నుంచి వేరే గింజ అడిగి తెచ్చి రుద్దింది. మూతపెట్టింది. పక్కన కూర్చోలేకపోయింది. లేచి వాకిలి ఊడ్చింది, ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చింది, లేని పనికి లంకంతా తిరిగొచ్చింది. కూర్చుంటే ఏం కనిపిస్తుందో ఆమెకి తెలుసు. కొంగున గింజ కొంగునే ఉంది.

మూడో ఏడు వరదొచ్చింది. పోలయ్య మంచం పట్టాడు. ఇక తిరగడానికి ఓపిక లేక, మొగుణ్ణి వదిలి పోలేక, మంగాయి అడిగి తెచ్చిన గింజే రుద్ది కడవ పక్కనే కూర్చుంది. మూత పెట్టలేదు. నీళ్లకేసి చూసింది. ముందు ఎరుపు తప్ప ఏమీ లేదు. ఏరుదే తప్పు అనుకుంది. కాసేపటికి ఆ మాట అడుక్కి దిగిపోయింది. గంగమ్మదే తప్పు అనుకుంది. అదీ దిగిపోయింది. పోలయ్యదే తప్పు అనుకోబోయింది. పక్కనే మంచం మీద ఆయన వీపు ఎముకలు లెక్కపెట్టేలా కనిపిస్తున్నాయి. ఆ మాట పూర్తిగా అనుకోలేకపోయింది.

పొద్దు నడినెత్తికొచ్చింది. కడవ అడుగు కనిపించింది. చిన్నాలు పోయిన రోజంతా ఆమెకి కళ్లకి కట్టినట్టు, జరిగింది జరిగినట్టు కనిపించింది. తన అరుపు కనిపించింది. అరుపు కింద అవమానం కనిపించింది, పదిమందిలో విప్పిన కొంగు. అవమానం కింద భయం కనిపించింది, రేపు పనికి రావద్దంటారేమో, వరదలో ఏం తినాలి అని. ఇన్ని మోసుకొచ్చి తను ఎవరి ముందు దించింది? ఆ పిల్ల నోరు తెరిచి నిలబడి ఉంది. ఏం చెప్పాలనుకుందో ఇప్పుడు తెలుసు. అప్పుడు ఒక్క మాట అడిగి ఉంటే అప్పుడే తెలిసేది.

మంగాయి ఏడ్చింది. మూడేళ్లుగా ఏరు మీద ఏడ్చింది, దేవత మీద ఏడ్చింది, మొగుడి మీద ఏడ్చింది. కూతురి కోసం ఏడవడం ఆ రోజే మొదలు. ఏడుపు అయ్యాక కొంగు ముడి విప్పింది. చిన్నాలు రుద్దిన గింజని, చిన్నాలు అరగదీసిన వైపే, తడిచేత్తో ఇంకో చిన్న కుండకి రుద్దింది. నీళ్లు పోసింది. అవి తేరేదాకా కదలకుండా కూర్చుంది. వాలుపొద్దు వేళ ముంత నింపి మొగుడి దగ్గరికెళ్లింది.

"ఇదుగో, ఇది సిన్నాలు రుద్దిన గింజ" అంది. "ఆ రోజు అది నీల్లు తెచ్చింది. గింజ రుద్దింది. నేను ఆగలేదు. పారబోసి మల్లీ పంపేను. నువ్వు ఏటికెల్లొద్దనే సెప్పేవు. తప్పు నీది కాదు, నాది. మూడేల్లూ నీ మీద మోపేను."

పోలయ్య గోడ మీది నుంచి చూపు తిప్పాడు. చాలాసేపు ఆమె ముఖం చూశాడు. అరవలేదు. తిట్టి ఉంటే మంగాయికి కాస్త తేలికయ్యేదేమో.

"ఈ మాట ముందే సెప్పుంటే," అన్నాడు, "ఏటికేసి సూసేవోణ్ణి కదే మంగాయీ."

అంతే అన్నాడు. ముంత అందుకుని నీళ్లు తాగాడు. తన మంచం తిప్పమని చేత్తో సైగ చేశాడు. మంగాయి మంచాన్ని గుమ్మం దాకా లాగి ఏటివైపు తిప్పింది. ఆయన మూడు రోజులు ఏటిని చూశాడు. పడవ వెళ్లడం చూశాడు, రావడం చూశాడు. చిన్నాలు పోయిన ఒడ్డు చూశాడు, అప్పుడు కన్నీళ్లు కారాయి. మూడో రోజు పొద్దు వాలుతుండగా ఆ చూపు అలాగే నిలిచిపోయింది.

చూశారా, ఎంత చిత్రమో. ఆగాల్సిన పూట ఆగని మనిషి, చెప్పాల్సిన మాట దగ్గర మూడేళ్లు ఆగింది. ఈ రెండు తప్పులూ ఆమెవే. కడిగేద్దామన్నా కుదరదు, కథ చెప్పేవాణ్ణి నేను అబద్ధం చెప్పకూడదు.

పోలయ్య పోయాక ఆ సంగతి తెలిసిన మనిషి లోకంలో మంగాయి ఒక్కతే. నోరు మూసుకుంటే మూసుకున్నట్టే ఉండేది. ఆమె మూసుకోలేదు. పెద్దకర్మ అయిన మర్నాడు రేవులో జనం నిండుగా ఉన్నప్పుడు వెళ్లి నిలబడింది. పోలయ్య తప్పేం లేదు, నా బిడ్డ గింజ రుద్దింది, నేనే పారబోశాను అని చెప్పింది. కొంగు విప్పి గింజ చూపించింది. ఈసారి విప్పమని ఎవరూ అడగలేదు, తనంతట తనే విప్పింది.

లంక ఊరుకుంటుందా? కొందరు ఉమ్మేశారు. కొందరు బిడ్డని చంపుకున్న మనిషని పేరు పెట్టారు. పొద్దున్నే ఎదురైతే పక్కకి తప్పుకున్నారు.  నోరు ఎక్కడ పోయిందే అని వెక్కిరిస్తే, కడవలో ఉంది, తేరుతోంది అనేది మంగాయి. ప్రతిరోజూ పొద్దున్నే ఒక కడవ పెట్టుకుని దాని పక్కన కూర్చునేది. నీళ్లు తేరేలోపు నిన్నటి రోజుని మొదటి నుంచీ తలుచుకునేది. ఎవరి మీద విసుక్కున్నాను, ఎందుకు విసుక్కున్నాను, అది నిజంగా వాళ్ల మీద విసుగేనా అని తనని తనే అడిగి చూసుకునేది. తర్వాత లేచి, ఆరోగ్యం లేనివాళ్ల ఇళ్లకి నీళ్లు మోసేది.

ఇలా ఎన్నేళ్లు గడిచాయో. ఒక వానాకాలం పొరుగింటి గనెమ్మ కోడలి మీద కర్రెత్తింది. కోడలు తాడు విప్పేయడంతో దూడ పాలన్నీ తాగేసిందట. కోడలు గోడకి నక్కి నిలబడింది. మంగాయి తన పాకలోంచి అప్పుడే తెచ్చిన ఎర్రనీళ్ల కడవ తీసుకొచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. గింజ తీసి రుద్దింది.

"ఇది తేరేదాకా ఆగు వదినా" అంది. "తేరేక అప్పుడు కొట్టు. నేను అడ్డం రాను."

మంగాయి ముఖం చూసి గనెమ్మ కాదనలేకపోయింది. కర్ర పట్టుకునే కూర్చుంది. కూర్చుని కూర్చుని, తేరుతున్న నీళ్లు చూసి చూసి, ఆవిడే నోరు విప్పింది. కొడుకు వారం నుంచి తనతో మాట్లాడటం లేదంది. దూడ తాడు కోడలు విప్పిందా, తెగిందా అని తను అడగనే లేదంది. కోడల్ని అడిగింది. తాడు చివికి తెగిపోయింది. గనెమ్మ కర్ర పొయ్యిలో పెట్టి, తేరిన నీళ్లు ముంతలో పోసి కోడలికిచ్చింది.

ఆ మర్నాడు ఇంకో ఇంటి నుంచి మంగాయికి పిలుపొచ్చింది. ఆ తర్వాత ఇంకో ఇంటి నుంచి. అన్నదమ్ములు గట్టు తగాదాకి వచ్చినప్పుడు ఆమె కడవ పట్టుకెళ్లేది. ఆలుమగలు ముఖాలు తిప్పుకున్నప్పుడు పట్టుకెళ్లేది. ఎవరితోనూ మాట్లాడకుండా మూల కూర్చున్న పిల్లల దగ్గరికీ పట్టుకెళ్లేది. పెద్ద మాటలేం చెప్పేది కాదు. గింజ రుద్ది పక్కన కూర్చునేది. ఒకరోజు కామందుగారి భార్య కూడా వచ్చి కూర్చుందంటారు. కొంగు సంగతి ఆవిడ ఎత్తలేదు. మంగాయీ ఎత్తలేదు. నీళ్లు తేరాక ఆవిడ మొదటి ముంత మంగాయికి ఇచ్చిందంటారు. నేను చూడలేదు, విన్నది చెబుతున్నాను.

ఒకసారి బిడ్డని పోగొట్టుకున్న ఒక పడుచుతల్లి వచ్చి, నీ బాధ ఎప్పుడు పోయింది పిన్నీ, నాకూ ఆ దారి చెప్పమని అడిగింది.

"పోలేదమ్మా" అంది మంగాయి. "కడవలో సూడు. మట్టి ఎక్కడికీ పోలేదు, అడుగునే ఉంది. దాన్ని కలపకుండా పై నీల్లు ముంచుకోడం నేర్సుకున్నాను. ఒక్కోరోజు సెయ్యి తగిలి మల్లీ కలిసిపోద్ది. మల్లీ కూకుంటాను."

ఆ పడుచు ఆమె ఒళ్లో తల పెట్టుకుని ఆ పొద్దంతా ఏడ్చింది.

మంగాయి ముసలిదై, నడుం వంగి, కడవ మోయలేని రోజులొచ్చాక కూడా పొద్దున్నే నీళ్లు పెట్టుకునేది. ఎవరో ఒకరు తెచ్చి పోసేవాళ్లు. ఒక వరదకాలం గనెమ్మ కోడలు నీళ్లు పోసి వెళ్లి, మధ్యాహ్నం గంజి పట్టుకొచ్చేసరికి, మంగాయి కడవ పక్కన గోడకి చేరగిలబడి ఉంది. నీళ్లు తేరి ఉన్నాయి. ఆమె లేదు. చేతిలో కొంగు ముడి ఉంది. విప్పుదామా అని ఒకరంటే వద్దన్నారు పెద్దవాళ్లు. ఒకప్పుడు బిడ్డని చంపుకున్న మనిషని పేరు పెట్టిన నోళ్లే, అది తల్లీ కూతుళ్ల మధ్య సంగతి, వాళ్లకే వదిలెయ్యమన్నాయి. ఆ ముడితోనే ఆమెని పంపించారు. ఆ పూట లంకలో ఏ ఇంటా ఎవరూ గొంతెత్తలేదు.

ఇప్పుడు లంకకి కొళాయిలొచ్చాయి. చిల్లగింజ అంటే ఏమిటని అడిగే పిల్లలూ ఉన్నారు. అయినా ఏరు ఎర్రబడిన మొదటి రోజున ప్రతి ఇంటా ఒక కడవలో ఎర్రనీరు పెట్టి, గింజ రుద్ది, తేరేదాకా చుట్టూ కూర్చుంటారు. ఆ కాసేపూ ఎవరి సంగతి వాళ్లు తలుచుకోవాలి, పక్కవాళ్ల సంగతి తలుచుకోకూడదు. తేరాక, ఆ ఏడు ఎవరి మీద నోరు పారేసుకున్నారో వాళ్లకి మొదటి ముంత తమ చేత్తో ఇచ్చి, నాది ఇంత తప్పు అని చెప్పాలి. మర్నాటికి దాచకూడదు. పోలయ్య పేరు చెప్పి మరీ, దాచకూడదంటారు. ఎవరన్నా కోపంతో ఊగిపోతుంటే, కడవ తేరలేదు, కాసేపు ఆగండని పక్కకి జరుగుతారు.

ఇంకొకటి ఉంది, అది చెప్పి లేస్తాను. ఆ లంకలో పిల్లలు ఏ తప్పు చేసినా, పలక పగలగొట్టినా, మేక తప్పిపోయినా, తల్లి నోరెత్తే ముందు "గింజ రుద్దేవా తల్లీ?" అని అడుగుతుంది. పలకకీ గింజకీ ఏం సంబంధమని కొత్త కోడళ్లు నవ్వుతారు. తర్వాత వాళ్లకీ ఎవరో ఒకరు ఈ కథ చెబుతారు, వాళ్లూ అలాగే అడగడం మొదలుపెడతారు. అడిగి, పిల్ల ఆలోచించుకుని జవాబు చెప్పేదాకా ఆగుతారు. ఆ ఒక్క మాట మంగాయి ఆ రోజు చిన్నాలుని అడగలేదు. ఆ లంకలో తల్లులందరూ ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.